వీధికొక పెండ్లి వైరు

కేబుల్ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నా దగ్గరికొస్తే మొదట అడిగేది, సిగ్నల్ కొలవడానికి ఏ మీటరు కొనమంటారని. నిచ్చెన గట్టిదేనా అని నేను తిరిగి అడుగుతాను. వాళ్లు నవ్వుతారు. పెద్దాయనకు చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. మీటరు చెప్పేది నిచ్చెన ఎక్కేవాడికే పనికొస్తుంది. ఇంట్లో కుర్చీ వేయించుకుని, చాయ్ తాగి, మోడెం ఒకసారి ఆపి మళ్లీ వేసి, "ఇగ మంచిగొస్తది" అని లేచి వెళ్లేవాణ్ని నేను ఈ పనిలో లెక్కలోకి తీసుకోను.

నేను మహబూబాబాద్‌లో మొదలుపెట్టి, భూపాలపల్లిలో కొన్నేళ్లు చేసి, జనగామలో పని ముగించాను. మొదట్లో మాది టీవీ పని. తర్వాత అదే తీగలోకి ఇంటర్నెట్ వచ్చింది. ఇప్పుడు చాలా వీధులకు ఫైబర్ వచ్చేసింది. అయినా పాత కేబుల్ మీద నడిచే ఇళ్లు ఇంకా ఉన్నాయి, ఆ ఇళ్లలో మోడెములున్నాయి, ఆ మోడెముల మీద రోజూ కంప్లైంట్లున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, నన్ను సూపర్‌వైజర్ అని ఎప్పుడన్నారు అన్న సంగతులు నా భార్యకే గుర్తు లేవు, మీకెందుకు. నాకు నచ్చిన పని చేశాను, బతుకు బాగానే గడిచింది, మోకాళ్లు మాత్రం నిచ్చెనకు ఇచ్చేశాను.

ఒకటే తీగ, రెండు దారులు

అన్ని కంప్లైంట్లలోకి మొండిది ఏదంటే, "చూసేది బాగా వస్తోంది, పంపేది పోవడం లేదు" అనేది. దీన్నే అప్‌లోడ్ స్లో అంటారు. సినిమా గలగలా నడుస్తుంది, ఫొటో పంపబోతే గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఇంటివాళ్లు మొదట నమ్మరు. ఒకటే తీగ కదా, రావడం వస్తుంటే పోవడానికి ఏమైందంటారు.

తీగ ఒకటే గాని దారులు రెండు. కిందికి వచ్చే దారి వెడల్పుగా ఉంటుంది. ఇంటి నుంచి ఆఫీసుకు పైకి పోయే దారి ఇరుకు. పైగా మోటార్లు, గ్రైండర్లు, వెల్డింగు మిషన్లు పుట్టించే రొద అంతా వచ్చి ఆ ఇరుకు దారిలోనే పడుతుంది. ఇంకో సంగతి ఉంది, దాన్ని బాగా మనసులో పెట్టుకోండి. కిందికి వచ్చేటప్పుడు ఆఫీసు ఒక్కటే మాట్లాడుతుంది, ఇళ్లన్నీ వింటాయి. పైకి పోయేటప్పుడు ఇళ్లన్నీ మాట్లాడతాయి, ఆఫీసు ఒక్కటే వింటుంది. కాబట్టి ఏదో ఒక ఇంట్లో తీగలోకి దూరిన రొద, ఆ వీధివాళ్లందరూ పంపే మాటల్లో కలిసిపోతుంది. కంప్లైంట్ ఇచ్చిన ఇంట్లోనే తప్పు ఉండాలని లేదు. ఈ ఒక్క ముక్క తలకెక్కితే సగం పని వచ్చినట్టే.

మా తరం వాళ్లకు ఇది ఎక్కడానికి చాలా కాలం పట్టింది. మేము టీవీ మనుషులం. సిగ్నల్ అనేది కిందికి మాత్రమే వస్తుందని మా చేతులు నేర్చుకున్నాయి. మహబూబాబాద్‌లో నా మొదటి యజమాని మల్లేశం సారు ఏ కంప్లైంట్ వచ్చినా ఒకటే మందు వేసేవాడు, బూస్టర్. బొమ్మ మసకగా ఉందంటే బూస్టర్, మాట గరగరమంటే బూస్టర్. టీవీ రోజుల్లో అది పనిచేసేది కూడా. ఇంటర్నెట్ వచ్చాక నెల్లికుదురులో ఒక ఫొటో స్టూడియో ఆయన, పెళ్లి ఆల్బం ఫొటోలు పట్నంలోని ప్రెస్సుకు పంపలేక తల పట్టుకున్నాడు. మల్లేశం సారు స్వయంగా వెళ్లి బూస్టర్ పెట్టాడు. ఇంకా స్లో అయింది. రెండోది పెట్టాడు. ఆ పాత డబ్బాలు కిందికి వచ్చేదాన్ని తోస్తాయి, పైకి పోయేదానికి అడ్డం పడతాయి. పాపం ఆ మోడెం గొంతు చించుకుని అరుస్తోంది, ఆ అరుపు గోడ దాటడం లేదు.

నేను వెళ్లి రెండు డబ్బాలూ పీకేశాను. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు కోసేసి, సరైన పిన్నులు బిగించాను. ఆయన ఫొటోలు పోయాయి. సారుకు ఎట్లా చెప్పాలా అని దారిపొడుగునా తటపటాయిస్తూ వచ్చాను. ఆయన అంతా విని, "బూస్టర్లు తెచ్చినవా, ఆడనే ఇడిసిపెట్టి వచ్చినవా?" అని అడిగాడు. తెచ్చానన్నాను. "అయితె మంచిదే. టీవీ ఇండ్లకు పనికొస్తయ్" అని చాయ్ చెప్పాడు. ఆయనకు సాంకేతికం అంతంతమాత్రమే, ఆ మాట దాచను. కానీ తను చేసిన పనిని కింద పనిచేసేవాడు పీకి వస్తే ముఖం మాడ్చుకోని యజమానిని మళ్లీ నేను చూడలేదు. సర్వర్ డౌన్ ఉందని కస్టమర్‌కు ఆయన ఒక్కనాడూ అబద్ధం చెప్పలేదు. మీకు అట్లాంటివాడు దొరికితే వదలకండి.

వెయిటింగ్ హాల్లో టీవీ

భూపాలపల్లి సంగతి ఒకటే చెప్తాను. అక్కడ ఒక స్కానింగ్ సెంటర్ వాళ్లు తీసిన బొమ్మలు పెద్ద దవాఖానకు పంపాలి. మధ్యాహ్నానికల్లా అవి క్యూ కట్టి నిలిచిపోయేవి. పోయి చూస్తే, బయటి నుంచి వచ్చిన తీగను ఒక చోట చీల్చారు, చీల్చిన కొమ్మను మళ్లీ చీల్చారు, దాన్ని ఇంకోసారి చీల్చారు. వెయిటింగ్ హాల్లో టీవీ, డాక్టరు గదిలో టీవీ, మందుల షాపులో టీవీ. అందరూ పంచుకోగా మిగిలిన ఎంగిలి మోడెముకు చేరుతోంది.

హాల్లో టీవీ తీసేద్దామంటే కౌంటరులో కూర్చునే అక్క ఒప్పుకోలేదు. "టీవీ తీస్తె పేషెంట్లందరు నన్నే చూస్తరన్నా. నా నంబరు ఎప్పుడు, నా నంబరు ఎప్పుడు అని పానం తింటరు" అంది. ఆమె చెప్పింది న్యాయమే. టీవీ తీయలేదు. తీగ లోపలికి రాగానే ఒక్కసారి రెండుగా చీల్చి, ఒక కొమ్మ నేరుగా మోడెముకు ఇచ్చి, టీవీలన్నిటినీ రెండో కొమ్మ మీద సర్దుకోమన్నాను. అంతే. మీరు ఏ ఇంటికి వెళ్లినా మొదటి పంపకం మోడెముకే చేయండి. కానీ మనిషికి ఏది అవసరమో అడగకుండా ఏ తీగా పీకకండి.

జైనబక్క ఇల్లు

ఇప్పుడు చెప్పబోయేది జనగామలో నేను పని మానేసే ముందు సంవత్సరం జరిగింది. ఇది చెప్పాలనే మిగతాదంతా రాశానేమో.

జైనబక్క మాకు పాత కస్టమరు. మగ్గం మీద జాకెట్లకు పనిచేసి బతుకుతుంది. ఆమె కూతురు షాహీన్. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంది, సైగల భాష బాగా నేర్చింది. హైదరాబాద్‌లో ఒక సంస్థ ఉందట. వినపడని చిన్నపిల్లల తల్లులకు వీడియోలో సైగలు నేర్పిస్తారు. షాహీన్‌ను ఒక నెల చూసి, బాగుంటే పనిలోకి తీసుకుంటామన్నారు. బడి చదువు అయ్యాక ఆ పిల్లకు దొరికిన మొదటి ఉద్యోగం అదే.

నెల సగం గడిచేసరికి జైనబక్క నాకు ఫోన్ చేసింది.

"సాంబన్నా, జర వచ్చిపో. షాహీన్ మస్తు పరేషాన్ అయితున్నది. ఆడోళ్లు ఈమెకు మంచిగ కనవడుతున్రు. ఈమె చేతులే ఆడ ఆగిపోతున్నయంట."

అది విన్నప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. అప్‌లోడ్ స్లో, రోజూ వినేదే. ఇంటికి వెళ్లాక తెలిసింది. మనకైతే వీడియోలో బొమ్మ ఆగినా మాట వినిపిస్తూ ఉంటుంది, పని గడిచిపోతుంది. షాహీన్‌కు బొమ్మ ఆగితే మాట ఆగినట్టే. సెల్ సిగ్నల్ ఆ ఇంటి గోడలు దాటి లోపలికి రాదు, డాబా మీదికి ఎక్కితే మిట్ట ఎండ. ఫైబర్ ఆ గల్లీ మొదటిదాకా వచ్చి ఆగింది. మా తీగ తప్ప ఆ పిల్లకు గతి లేదు.

తను నేర్పుతున్న తల్లి గురించి షాహీన్ చేతులతో చెప్పింది, జైనబక్క దాన్ని నాకు తెలుగులో చెప్పింది. రేగొండ దగ్గర ఒక ఊరు. తల్లి పేరు పద్మ. ఆమె బిడ్డ చిన్ని, ఇంకా బడికి పోయే వయసు రాలేదు. తండ్రి బొగ్గు లారీ నడుపుతాడు. ఒకనాడు సాయంత్రానికి ఇంటికొస్తాడు, ఒకనాడు రాడు. రాని రోజు ఆ పాప తలుపు పట్టుకుని నిలబడి చీకటి పడేదాకా ఏడుస్తుంది. అన్నం ముట్టదు. మనమైతే పిల్లలకు "నాయిన రేపొస్తడు" అని ఒక్క మాట చెప్తాం. ఆ పాపకు అది చెప్పే దారి ఆ ఇంట్లో ఎవరికీ లేదు. తినడం, తాగడం, పడుకోవడం చేతులతో చూపించొచ్చు. రేపును ఎట్లా చూపిస్తారు?

ఆ మాటే ముందు నేర్పమని పద్మ షాహీన్‌ను అడిగింది. షాహీన్ నాకు చేసి చూపించింది. చెయ్యి చెంప దగ్గర పెట్టి ముందుకు తోస్తే రేపు. అదే చెయ్యి భుజం మీదుగా వెనక్కి తీసుకుపోతే నిన్న. చెయ్యి ఒకటే, కదిలే దిక్కే తేడా. చెంప దగ్గర చెయ్యి పెట్టగానే బొమ్మ ఆగిపోయేది. మళ్లీ కదిలేసరికి చెయ్యి కిందికి దిగిపోయి ఉండేది. ఎటు తోసిందో పద్మకు కనపడేది కాదు. పాపం ఆమె ఒకనాడు ముందుకు, ఒకనాడు వెనక్కి తిప్పి చూపిస్తోంది. పాపకు ఏమని అర్థమవుతుంది?

ఇంత కాలం పనిచేశాను. అప్‌లోడ్ అంటే ఏమిటో ఆ రోజే నాకు తెలిసిందంటే నమ్మండి. మోడెం వైపు తిరిగి పని మొదలుపెట్టాను.

జ్వరం వచ్చిన పూటే చూడాలి

నేను వెళ్లింది పొద్దున పూట. మీటరు పెట్టి చూస్తే పైకి పోయే దారి శుభ్రంగా ఉంది. పిన్నులు మార్చాను, తీగ మొత్తం తడిమి చూశాను. ఇంట్లో ఏ తప్పూ లేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే అక్కడి కుర్రాడు కంప్యూటర్లో చూసి, "అంతా పచ్చగానే ఉంది సార్, కంప్లైంట్ క్లోజ్ చేస్తున్నా" అన్నాడు. జైనబక్క ఆ మాట వింది.

"పొద్దుగాల ఎప్పుడు మంచిగనే ఉంటదన్నా. నాలుగింటికి క్లాసు. గప్పుడే ఆగుతది. మీరంత పొద్దుగాల వస్తరు, బాగున్నది అని పోతరు."

ఆమె తిట్టలేదు, ఉన్నమాట చెప్పింది. కంప్లైంట్ క్లోజ్ చేయవద్దని ఆఫీసుకు చెప్పి, క్లాసు వేళకే మళ్లీ వెళ్లాను. మీటరు పెడితే పైకి పోయే దారి నిండా రొద. ఉన్నట్టుండి లేస్తుంది, కాసేపు ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. లోపల షాహీన్ తెర ముందు కూర్చుని చేసిన సైగే మళ్లీ మళ్లీ చేస్తోంది. భుజాలు బిగుసుకుపోయాయి.

ఇంట్లో తప్పు లేదని ముందే చూశాను గనక నిచ్చెన తీసుకుని, ఇళ్లకు తీగలు చీలే వీధి డబ్బా దగ్గరికి పోయాను. రొద ఎటు నుంచి వస్తుందో పట్టుకోవాలంటే ఒక్కో కొమ్మనూ పీకి చూడటమే మార్గం. పీకినప్పుడల్లా ఏదో ఒక ఇంట్లో సీరియల్ ఆగుతుంది, ఎవరో ఒకరు బయటికొచ్చి నాలుగు మాటలంటారు. ఆ మాటలు కూడా జీతంలో భాగమే అనుకోవాలి. చివరికి ఒక కొమ్మ పీకగానే మీటరు మీద రొద టక్కున చచ్చిపోయింది. ఆ కొమ్మ పోయేది రాంరెడ్డి పటేలు ఇంటికి.

పటేలు గోడ

రాంరెడ్డి పటేలు పాలకుర్తి దగ్గర ఒక ఊరికి ఒకప్పుడు సర్పంచ్. పొలాలు అక్కడ, ఇల్లు ఇక్కడ. మనవరాలి పెళ్లి దగ్గర పడిందని ఇంటికి రంగులు వేయిస్తున్నాడు, కొత్త గేటు పెట్టిస్తున్నాడు. భోజనాలయ్యాక వెల్డింగు మొదలవుతుంది. నేను వెళ్లేసరికి గేటు దగ్గర మెరుపులు లేస్తున్నాయి. దానికి మూరెడు దూరంలో, గోడకు మేకు కొట్టి చుట్ట చుట్టిన నల్ల తీగ వేలాడుతోంది. దాని కొస ఒట్టిది. రాగి మొన బయటికి వచ్చి ఉంది.

అది పెండ్లి వైరు.

ఈ తరం వాళ్లకు దాని సంగతి చెప్పాలి. మా వైపు ఏ ఇంట్లో శుభకార్యమైనా షామియానా కింద ఒక టీవీయో తెరో పెట్టడం అలవాటు. ప్రతిసారీ తీగ లాగడం ఎందుకని మా కేబుల్ వాళ్లమే వీధికొక చోట ఎక్కువ తీగ చుట్ట చుట్టి వదిలేసేవాళ్లం. ఎవరింట్లో పెళ్లయితే వాళ్లు దాన్ని విప్పి లాక్కునేవారు, అయ్యాక మళ్లీ మేకుకు తగిలించేవారు. టీవీ రోజుల్లో దానివల్ల ఎవరికీ ఏ నష్టం లేదు. అదే తీగలోకి ఇంటర్నెట్ వచ్చాక ఆ ఒట్టి కొస నోరు తెరిచినట్టు కూర్చుని పక్కనున్న రొదనంతా మింగి వీధి మీదికి వదులుతుంది. మోడెములు బిగించిన మేమెవరమూ ఆ చుట్టల వైపు కన్నెత్తి చూడలేదు.

పటేలుకు దండం పెట్టి విషయం చెప్పాను. ఆయన వెల్డింగు ఆపించి విన్నాడు.

"గది తీస్తె ఎట్లరా సాంబయ్య? మనుమరాలి లగ్గానికి స్క్రీన్ పెట్టాలె. అసలు గీ గల్లీల ఎవలింట్ల పెండ్లయినా లైను నా గోడ మీదికెల్లే పోవాలె. నేను దగ్గరుండి పెట్టిపిచ్చిన గద."

తీగ మీద ఆయనకు మోజు లేదు. పెళ్లివాళ్లు వచ్చి "పటేలా, వైరు జర ఇప్పుకుంటం" అని అడగడం, ఈయన తలూపడం, అదొక మర్యాద. సర్పంచ్ పదవి పోయాక మిగిలిన మర్యాదల్లో అదొకటి. నాకు అర్థమైంది. అందుకే తీయకుండా కొసకు మూత బిగించాను. ఆ చిన్న మూత పెడితే రొద లోపలికి రాదు. మీటరు శుభ్రంగా చూపించింది. సంతోషంగా ఇంటికి పోయాను.

మర్నాడు క్లాసు వేళకు మళ్లీ జైనబక్క ఫోన్. పరుగున పోతే, తెర పెట్టేవాళ్లు వచ్చి మూత విప్పి, సిగ్నల్ వస్తుందో లేదో చూసుకుని, అట్లాగే వదిలి వెళ్లారు. మూత పూలకుండీ మట్టిలో దొరికింది. పెళ్లి అయ్యేదాకా వాళ్లు రోజుకోసారి విప్పుతూనే ఉంటారు.

జైనబక్క ఇంటికి వచ్చి సంగతి చెప్తే ఆమె మెల్లగా అసలు మాట చెప్పింది. "రేపు శుక్రారం హైదరాబాద్ మేడం కూడ క్లాసుల కూసుంటదంట. గట్లనే ఆగితె ఈమెను వద్దంటరన్నా. ఇంకో పిల్లను చూసుకున్నరంట."

నేను మళ్లీ పటేలు గేటు దగ్గరికి పోయాను. ఈసారి షాహీన్ కూడా నా వెనకే వచ్చింది. నేను రమ్మనలేదు. జైనబక్క చున్నీ సర్దుకుంటూ వెనకాల వచ్చింది.

పటేలు కుర్చీలో ఉన్నాడు. షాహీన్ ఆయన ఎదురుగా నిలబడి చెయ్యి చెంప దగ్గర పెట్టి ముందుకు తోసింది. తర్వాత వెనక్కి తీసుకుపోయింది. మూడోసారి చెయ్యి చెంప దగ్గర పెట్టి అక్కడే ఆపేసింది. కదలకుండా అట్లాగే నిలబడింది.

"ఏంది బిడ్డా?" అన్నాడు పటేలు. నా వైపు తిరిగాడు. "ఏమంటుందిరా?"

చెప్పాను. ముందుకు అంటే రేపు, వెనక్కి అంటే నిన్న, మీ గోడ మీది తీగ వల్ల మధ్యలో ఆగిపోతోంది అని. రేగొండలో తలుపు పట్టుకుని ఏడ్చే పాప సంగతీ చెప్పాను. ఆయన షాహీన్ చేతినే చూస్తూ కూర్చున్నాడు.

"వెల్డింగు ఆపియ్యమంటవా?" అన్నాడు.

"వెల్డింగు ఆపితె రేపు గ్రైండరు, ఎల్లుండి జనరేటరు. వైరు తీసుడే పటేలా. లగ్గం నాటికి మీ స్క్రీనుకు నేనే వేరే లైను గుంజుత. అయిపోంగనే నేనే చుట్టుకపోత. ఇగ ముందట గల్లీల ఎవలింట్ల పెండ్లయినా నాకు ఫోన్ జేసేది మీరే. మీరు చెప్తెనే లైను గుంజుత."

ఆ చివరి మాట నేను ముందే ఆలోచించుకుని పోలేదు, నోటికి అట్లా వచ్చింది. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నేను ఆయన్ను బుజ్జగిస్తున్నానని ఆయనకూ తెలుసు. చిన్నగా నవ్వాడు.

"కొయ్యి గని, వైరు మాత్రం తీస్కపోకు. బట్టలారేసుకుంటరు ఇంట్లోళ్లు."

లేచి వచ్చి నిచ్చెన పట్టుకున్నది కూడా ఆయనే. నేను తీగను గోడ మీద కాదు, వీధి డబ్బా దగ్గరే కోసి, ఆ రంధ్రానికి మూత బిగించాను. షాహీన్ ఇంకా అక్కడే నిలబడి ఉంది. తల్లి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

మీకు నేను చెప్పేది ఇదే. తీగ కోయడానికి ఒక్క నిమిషం చాలు. కోయనివ్వడానికి మనిషిని ఒప్పించడమే ఈ పని. దాన్ని ఏ ట్రైనింగులోనూ నేర్పరు. ఎదుటివాడు దేన్ని పట్టుకుని కూర్చున్నాడో చూసి, దానికి బదులు ఇంకోటి చేతిలో పెట్టాలి. ఉత్తచేతులతో లాక్కుంటే రేపు ఇంకో తీగ తగిలిస్తాడు.

శుక్రవారం, ఆదివారం

శుక్రవారం క్లాసు వేళకు నేను జైనబక్క ఇంట్లోనే ఉన్నాను. తెర మీద ఒక పక్క హైదరాబాద్ మేడం, ఒక పక్క పద్మ. పాప పద్మ ఒళ్లో ఉండదు, లేచి తలుపు దగ్గరికి పోతుంది, తల్లి వెనక్కి లాక్కొస్తుంది. షాహీన్ చెయ్యి చెంప దగ్గర పెట్టి ముందుకు తోసింది. పద్మ అదే పని చేసింది, ముందుకు. షాహీన్ వెనక్కి తీసుకుపోయింది. పద్మ కూడా వెనక్కి. ఒక్కసారి కూడా ఆగలేదు. నేను మీటరు చూడటం మానేసి పద్మ చేతినే చూస్తూ కూర్చున్నాను. ఆమె చెయ్యి కదిలితే ఇక్కడి నుంచి పోయింది అక్కడికి చేరినట్టు. అంతకంటే మంచి మీటరు నేను చూడలేదు.

ఆ రోజు లారీ రాదట. పద్మ పాప వైపు తిరిగి మీసం దువ్వినట్టు వేళ్లు తిప్పింది, అంటే నాయిన. చెయ్యి ముందుకు తోసింది. పాప తల్లి చేతిని చూసింది. ఏమీ తోచనట్టు చూసి మళ్లీ తలుపు దగ్గరికే పోయింది. నాకు మనసు చివుక్కుమంది. షాహీన్ మాత్రం కంగారు పడలేదు, మళ్లీ చేయమని పద్మకు చూపించింది. మేడం చివర్లో తలూపి, పని ఖాయమని చెప్పింది. జైనబక్క వంటింటి గుమ్మంలో నిలబడి చున్నీతో కళ్లు తుడుచుకుంది. నాకు చాయ్ పెట్టింది, చక్కెర రెండుసార్లు వేసింది.

ఆదివారం పెళ్లికి పటేలు తెరకు కొత్త లైను లాగాను. అది నడుస్తుండగా షాహీన్ లైను ఎట్లా ఉందో చూడాలని క్లాసు వేళకు వాళ్లింటికి వెళ్లాను. బాగానే ఉంది. పద్మ ఇంకా సరిగ్గా కూర్చోలేదు, చిన్ని తల్లిని తోసుకుని ఫోన్ ముందుకు వచ్చింది. తెరంతా ఆ ముఖమే నిండిపోయింది. కొంచెం వెనక్కి జరిగి షాహీన్‌ను చూసింది. మీసం దువ్వింది. చెయ్యి చెంప దగ్గర పెట్టి, భుజం మీదుగా వెనక్కి, బాగా వెనక్కి తీసుకుపోయింది.

జైనబక్క నా పక్కనే ఉంది. ఆమె నోరు తెరిచేలోపే నాకు అర్థమైంది.

"నాయిన నిన్న వచ్చిండు" అంటోంది ఆ పాప.